యువరాజు పెట్టిన గుడ్డు

కనకశృంగ నగరంలోని పద్మవీధిలో, ఆశ్వయుజ శుద్ధ ద్వాదశి నాడు, పొద్దు బారెడెక్కే వేళకు యువరాజు చిత్రభానుడు గుడ్డు పెట్టాడు.

నవ్వేవాళ్ళు నవ్వుకోండి, అభ్యంతరం లేదు. పెట్టినవాడికి తెలుస్తుంది ఆ అవస్థ. సకల విద్యల్లో ఆరితేరినవాడు, పట్టపుటేనుగు మీద తప్ప ఊరేగనివాడు, రక్కెసకోనకు వేటకు పోయి కరాళుడనే మాంత్రికుడి చేతికి చిక్కి నల్లకోడిపెట్ట అయిపోయాడు. పుంజుగా మార్చినా కాస్త పరువు మిగిలేది. ఆ దుర్మార్గుడు ఏరి కోరి పెట్టగానే మార్చాడు.

ఆ కరాళుడే ఇప్పుడు కాషాయం కట్టి, విభూతి పూసి, రాజుగారికి గురువై కోటలో కూర్చున్నాడు. శాపానికి విరుగుడు ఒక్కటే. పున్నమినాటి మధ్యాహ్నం కన్నతండ్రి అరచేతిలోంచి ఐదు గింజలు తింటే చిత్రభానుడు మళ్ళీ మనిషి అవుతాడు. ఈ పున్నమి తప్పితే బతికినంతకాలం కోడే. విరుగుడును చెరపడం కరాళుడి తరం కాలేదు గాని, రాజు కంట కోడి అన్నది పడకుండా చేయడం వాడికెంత పని? కోటలోనూ, కోటగోడను ఆనుకున్న పద్మవీధిలోనూ కోడిని పెంచరాదని రాజుచేత శాసనం వేయించాడు. కోడి కూత, కోడి రెట్ట, కోడి ఈక, మూడూ నేరాలే. దొరికితే పెంచినవాళ్ళను పాతాళబిలంలోకి తోసేస్తారు.

ఇక పద్మవీధి వైభవం చెప్పతరమా! పాలరాతి మేడలు, పగడాలు పొదిగిన గవాక్షాలు, ముంగిళ్ళలో పన్నీటి కళ్ళాపి, కస్తూరి కలిపిన ముగ్గులు, వసంతమండపాల మీద పచ్చల కలశాలు, చంద్రకాంత శిలల అరుగుల మీద పురివిప్పి ఆడే మయూరాలు. ఆ వీధి జనానికి ఈ శాసనం తేనెలా తోచింది. "మా వీధిలో కోళ్ళేమిటి, అసహ్యం!" అని వాళ్ళే మరో పది నియమాలు చేర్చుకున్నారు. వాకిట్లో వడియాలు పెట్టకూడదు. గోడకు పిడకలు కొట్టకూడదు. దండెం మీద ఆరేసిన చీర వీధికి కనబడకూడదు. నెమలి రెట్ట వేస్తే వీధికి శోభ, కోడి వేస్తే బిలం. అలాగని కోడికూర మానేశారా అంటే, అబ్బే! దొడ్డిదారిన వచ్చేది వాళ్ళ లెక్కలో కోడి కాదు, కూర.

ఆ వీధిలో ఏడో మేడ ఉదయకేతుడిది. పోయినేడు మదమెక్కిన ఏనుగు కాళ్ళ కింద నుంచి రాజును లాగి బతికించినందుకు అది బహుమానంగా వచ్చింది. "ఏ వంశం నాయనా నీది?" అని నిండుసభలో రాజు అడిగినప్పుడు అతని నోట ఒక అబద్ధం జారింది. సూర్యగిరి సామంతుల వంశం అన్నాడు. నిజానికి అతని పేరు ఓబన్న. గంపలవాళ్ళ ఓబన్న. నెత్తిన కోళ్ళగంప పెట్టుకుని సంతసంతకూ తిరిగే బతుకు వాళ్ళది. ఊహ తెలియక ముందే తల్లీ, మీసం రాకముందే తండ్రీ పోతే, గుడ్లమ్మి గంజి పోసి పెంచింది అతని అక్క ఎర్రక్క.

ఆర్నెల్ల కిందట ఆ ఎర్రక్క ఆరు పెట్టలను గంపలో పెట్టుకుని, మీద గుడ్డ కప్పుకుని, తమ్ముడి మేడ వెతుక్కుంటూ వచ్చింది. సరిగ్గా అప్పుడే గుమ్మంలో పక్కింటి మార్తాండయ్య నిలబడి ఉన్నాడు. వీధి నియమాలు ఎవరు తప్పుతున్నారా అని చూసే పారుపత్తేదారు ఆయన. "ఎవరీమె?" అన్నాడు.

ఓబన్న గంప మీంచి చూపు తిప్పుకున్నాడు. "మా ఊరి వంటమనిషి" అన్నాడు.

ఎర్రక్క ఒక్క క్షణం తమ్ముడి మొహంలోకి చూసింది. "అవునయ్యా, వంటమనిషినే" అంది. ఆ రోజు నుంచి నాలుగ్గోడల మధ్య తప్ప అతన్ని 'బాబుగారూ' అనే పిలుస్తోంది. ఆ పిలుపు విన్నప్పుడల్లా ఓబన్నకు చెవులు కాలిపోయేవి. కాలితే మాత్రం ఏం, దిద్దుకున్నాడా? లేదు.

పద్దెనిమిది రోజుల కిందట అతను మాయమైన యువరాజును వెతుకుతూ పోయి, కరాళుడి గుహలోంచి నల్లపెట్టను ఎత్తుకొచ్చి ఆ ఆరింటిలో కలిపాడు. ఒంటికోడి అయితే కంటబడుతుంది, మందలో కోడిని ఎవరు పోల్చుకుంటారు? ఏడోదాన్నీ, ఆ ఆరింటిని మొదటి నుంచీ దాచిన పెరట్లోని పాత మేనాలోనే దాచాడు. దానికి పట్టుతెరలు దించి, "మా మేనత్త. ఎండ కన్నెరుగని మనిషి. పరాయివాళ్ళ గొంతు వింటే మూర్ఛపోతుంది" అని వీధంతా చాటాడు. పెట్ట గుడ్డు పెట్టి అరిచే వేళకు ఎర్రక్క రోట్లో రోకలి వేసి, పాటెత్తుకుని దంచేది. రెట్ట, ఈకలు పూలసజ్జల్లో అడుగున పెట్టి ఊరవతలికి దాటించేది. నల్లపెట్ట ఎవరో మాత్రం ఆమెకు తెలియదు. కోడి అయినా యువరాజుకు మాట పోలేదు గాని, ఓబన్న ఒక్కడి ఎదుటే నోరు విప్పేవాడు; ఎవరికీ చెప్పనని అతనిచేత ఒట్టు వేయించుకున్నాడు. నిజం చెప్పాలంటే ఆ ఒట్టు ఒక సాకు. అక్క నోట్లో నువ్వుగింజ నానదని అతని భయం.

ఇదిగో, అలాంటి మేనాలోంచి ఈ ఉదయం "కొక్కొక్కో కొక్కో!" అని వీధి అదిరేలా కేక లేచింది. యువరాజు గుడ్డు పెడతాడని ఎవరు కలగన్నారు? ఎర్రక్క రోటి దగ్గర లేదు. ఓబన్న పరుగున వెళ్ళి తెర తొలగించాడు. నల్లపెట్ట గడ్డిలో మొహం దూర్చుకుని ఉంది. పక్కన గుడ్డు.

"ఉదయకేతూ, ఇది పైకి పొక్కితే నేను ఉరేసుకుంటాను" అన్నాడు యువరాజు.

"ప్రభూ, తమకిప్పుడు చేతులు లేవు."

"హాస్యమా? ముక్కు బిగబట్టానయ్యా! ఆగలేదు. లోపల్నుంచి తన్నుకొచ్చింది. మా తాతగారు మూడు సముద్రాలు గెలిచారు. నేనేమో..." రెక్కతో గుడ్డును అవతలికి నెట్టాడు. "దాన్ని ఎక్కడైనా పాతిపెట్టు. నాకు చూపించకు."

ఓబన్నకు నవ్వు రాలేదు. సిగ్గు ఎలా ఉంటుందో అతనికి ఇంకొకరు చెప్పాలా! అంతలో కోటనుంచి కొలువుకు పిలుపు వచ్చింది. దారిలో పాతిపెడదామని గుడ్డును రుమాలులో చుట్టుకుని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి వంటింట్లో ఎర్రక్క చేటలో నూకలు చెరుగుతూ, గొప్ప పని చక్కబెట్టినదాని మాదిరి నవ్వుతోంది.

"ఓబా, ఇంక భయం లేదురా. పొద్దున పెట్ట అరిచినాక, నువ్వు కోటకు పోతానే మార్తాండయ్య పెండ్లాం గోడమీంచి తొంగి చూసింది. 'మీ పెరట్లో కోడి అరిచిందే' అనింది. నేను బెదిరినానా? ఒక పెట్టను కొంగు కింద పెట్టుకొనిపోయి చేతిలో పెట్టినా. 'మధ్యాన్నం గురువుగారు భోజనానికి వస్తున్నారు, సమయానికి తెచ్చావే' అని ఒకటే మురిసిపోయింది. తిన్న నోరు చెప్పదులే."

ఓబన్న గిర్రున పెరటి వైపు తిరిగాడు. "ఏ పెట్టను?"

"నల్లదాన్ని. మన గుట్టు దాచేవాళ్ళకు ముసలిపెట్టను ఇస్తామా? తొలిగుడ్డు పెట్టినదాన్ని ఇయ్యాల. నాయిన ఎప్పుడూ అదే కదా చెప్పేది."

నిజమే, గంపలవాళ్ళలో అదొక కట్టుబాటు. సాయం చేసినవాడికి మందలో మేలైన పెట్టనే ఇస్తారు. ఈసురోమన్నది ఇస్తే ఇచ్చినవాడికే తలవంపులు. అది ఓబన్నకు తెలియనిది కాదు. కానీ కోపం తెలివిని మింగేసింది.

"ఎవర్నడిగి ఇచ్చావు? వంటమనిషివి, వంటమనిషిలా పడి ఉండలేవా?"

ఇంట్లో పరాయివాళ్ళు లేరు. గుమ్మంలో పారుపత్తేదారు లేడు. ఆ మాట అనాల్సిన అవసరం ఏమీ లేదు. అన్నాడు. నోరు దాటిన మరుక్షణం అతనికి నాలుక కోసుకోవాలనిపించింది. ఎర్రక్క చేతిలోని చేట కిందికి జారింది. నూకలు గచ్చంతా చెదిరాయి. అతను తల దించుకుని, నేలను చూస్తూ, నల్లపెట్ట ఎవరో మొదటి నుంచీ చెప్పాడు.

"ఇది పద్దెనిమిది దినాలు నా దగ్గర దాచినావా?" అంది ఎర్రక్క చివరికి. "చెప్పింటే నా కొంగులో కట్టుకొని పండుకుందును కదరా. నేను అంత చెప్పరాని దాన్నా?"

ఆమె జవాబు కోసం ఆగలేదు.

"ఇట్లా నిలబడితే ఏమొస్తుంది? గోడ దూకు. ఈపాటికి ఎసరు పెట్టుంటారు!"

పట్టుబట్టలు ఊడాయి. పంచె గోచీ అయింది. పొయ్యిలోని బూడిద ఒంటికీ, మసి మొహానికీ ఎక్కాయి. తలకు చింకి తువ్వాలు చుట్టి ఓబన్న గోడ దూకాడు. కాకరపందిరి మీద పడ్డాడు. పందిరి విరిగి అరటిబోదెల్లో దొర్లాడు. కాపలాకుక్క మీదికి ఉరికితే దాని నోటికి తువ్వాలు అందించి వంటసాల్లోకి చొరబడ్డాడు. లోపల పది పొయ్యిలు భగభగ మండుతున్నాయి. గుండిగల్లో పులుసులు కుతకుత ఉడుకుతున్నాయి. దూలానికి కాళ్ళు కట్టి తలకిందులుగా వేలాడదీసిన నల్లపెట్ట కింద కత్తి నూరుతూ కూర్చున్నాడు పెద్ద వంటవాడు.

"కొత్తవాడివా? ఇంతసేపా రావడం? ఇదిగో, దీని పని చూడు" అని పెట్టను విప్పి ఓబన్న చేతుల్లో పడేశాడు.

ఏడాదిగా ఓబన్న చేతులకు కత్తిపిడే అలవాటు. అయినా మరిచిపోలేదు. రెక్కలు రెండూ ఒక అరచేత బిగించి, మెడను మెల్లగా వంచి రెక్క కింద దూర్చాడు.

"అబ్బో!" అన్నాడు వంటవాడు. "కోడిని పట్టిన తీరు చూస్తే పుట్టుకతో వచ్చిన పనిలా ఉందే!"

ఓబన్నకు మసి కింద మొహం ఎర్రబడింది. చావుబతుకుల మధ్య కూడా ఆ సిగ్గు వదల్లేదు చూడండి. పెట్టను అటూ ఇటూ ఉయ్యాలలా నాలుగుసార్లు ఊపాడు. తల రెక్క కింద పెట్టి అలా ఊపితే ఎంతటి కోడైనా కాసేపు కట్టెలా పడి ఉంటుంది. గంపలవాళ్ళందరికీ ఇది తెలుసు. "అయిపోయింది, పెరట్లో ఈకలు పీకి తెస్తాను" అని దాన్ని గంపలో వేసుకుని పెరటి తలుపు దాకా వచ్చేశాడు. గడియ తీశాడు. ఒక అడుగు వేస్తే బయట.

సరిగ్గా అప్పుడు భోజనశాలలోంచి ఎర్రక్క గొంతు వినిపించింది.

"తల్లీ, పొరపాటైంది. ఆ నల్లపెట్టను తిరిగి ఇయ్యమ్మా. దానికి మారుగా ఈ ఆరూ తీసుకో."

ఓబన్న కిటికీలోంచి చూశాడు. వెండి పీటల మీద వీధి పెద్దలంతా బారులు తీరి కూర్చున్నారు. నడుమ పులిచర్మం మీద కరాళుడు. నట్టింట్లో తన ఆరు పెట్టల గంప పెట్టుకుని, చేతులు జోడించి ఎర్రక్క. తమ్ముడు లోపల ఏమయ్యాడో తెలియక, ఆగలేక, తనకున్నదంతా ఎత్తుకుని తలవాకిట్లోంచే వచ్చేసింది పిచ్చిది.

మార్తాండయ్య పాలిపోయాడు. కరాళుడి కళ్ళు నిప్పుకణికల్లా వెలిగాయి. "నల్లపెట్టా? ఎవరు తెచ్చారు? ఎవరివీ కోళ్ళు?"

"నావే సామీ."

"నువ్వెవరివి?"

"ఉదయకేతు బాబుగారింట్లో వంటమనిషిని. బాబుగారికి ఏమీ తెలియదు. ఆ మారాజు కంట కోడి కూడా పడలేదు. చేసిందంతా నేనే."

తాను కుట్టిన అబద్ధాన్నే ఆమె తనకు కవచంగా తొడుగుతోంది. గంపలోంచి యువరాజు తల పైకి లేచింది.

"తలుపు తెరిచే ఉందిగా, కదలవేం?"

"ప్రభూ, ఆమె..."

"మీ వంటమనిషేగా? తర్వాత ఏదైనా చేద్దాం, పద."

అవును మరి, యువరాజుకూ అదే అబద్ధం చెప్పాడు. ఇంట్లో కోడికి కూడా నిజం చెప్పలేదు.

"వంటమనిషి కాదు, మా అక్క" అన్నాడు ఓబన్న. "నా తోడబుట్టింది. నన్ను పెంచింది. నేనే సిగ్గుపడి అలా చెప్పుకున్నాను."

యువరాజు తెరిచిన తలుపు వైపు చూశాడు. బయట దారి ఖాళీగా ఉంది. పున్నమికి మూడు రోజులే ఉంది.

"పద్దెనిమిది రోజులు ఆమె చేతి నూకలు తిన్నాను" అన్నాడు చివరికి. "రాత్రి చలేస్తుందని నా మీద గోనె కప్పింది. వెనక్కి తిరుగు, ఉదయకేతూ."

ఓబన్న వెనక్కి తిరిగాడు. గంప చంకన పెట్టుకుని, గోచీతో, బూడిదతో, అంత పెద్ద సభలోకి నడిచాడు. వీధి పెద్దలు ముక్కులు మూసుకున్నారు. అతను మొహం తుడుచుకునేసరికి గుర్తుపట్టి నోళ్ళు తెరిచారు.

"ఉదయకేతూ! ఏమిటీ వేషం?" అన్నాడు మార్తాండయ్య.

"ఇది వేషం కాదు. ఏడాదిగా మీరు చూసిందే వేషం. నా పేరు ఓబన్న. గంపలవాణ్ణి. ఈమె మా అక్క ఎర్రక్క. కోళ్ళు నావి. నేరం నాది. ఈమెను వదలండి."

సభలో ఒక్కసారి కలకలం లేచింది. నిన్న అతని ఇంట్లో పిండివంటలు తిన్న పెద్దమనిషి ఒకడు తూ అని ఉమ్మాడు. ఇంకొకాయన, "కోళ్ళవాడి పక్కన కూర్చున్నానా!" అని చేతులు కడుక్కోవడానికి లేచాడు. ఆ మాటలన్నీ పడాల్సినవే అనుకుని ఓబన్న తల వంచాడు. కానీ వాళ్ళ వంక చూడటం కంటే అక్క వంక చూడటమే అతనికి కష్టమైంది.

"ఆ గంప ఇటు తే" అన్నాడు కరాళుడు చేయి చాపి.

అతని వెంట వచ్చిన నలుగురు భటులు ఓబన్న మీదికి దూకారు. అదే క్షణంలో ఎర్రక్క తన గంపను ఎత్తి బోర్లించింది. ఆరు పెట్టలూ ఒక్కుమ్మడిగా గాల్లోకి లేచాయి. ఒకటి పాయసంలో దిగింది. ఒకటి మార్తాండయ్య పాగా మీద వాలి అక్కడే రెట్ట వేసింది. పెద్దలు పీటలు తన్నుకుంటూ, ఒకరి మీద ఒకరు పడుతూ, స్తంభాలెక్కారు. ఓబన్న మొదటి భటుణ్ణి గుండిగతో, రెండోవాణ్ణి పీటతో మోది, అక్క చేయి పట్టుకుని గుమ్మం వైపు లాగాడు.

"అధమాధమా!" అని అరిచి కరాళుడు మంత్రదండంతో నేలను కొట్టాడు. గచ్చు గుమ్మడికాయలా రెండుగా పగిలింది. ఓబన్న, ఎర్రక్క, గంపలో యువరాజు, ముగ్గురూ పాతాళబిలంలోకి జారిపోయారు. పైన పగులు మూసుకుంది.

ఎంత లోతు పడ్డారో తెలియదు. మెత్తగా ఉన్న దేని మీదో పడ్డారు. కళ్ళు పొడుచుకున్నా కానరాని చీకటి.

"అక్కా!"

"ఈడే ఉండాలేరా. పెట్ట, అదే, యువరాజు ఉండాడా?"

"ఉన్నాను తల్లీ" అన్నాడు చిత్రభానుడు.

ఎర్రక్క చిన్నగా అంది. "అంతమందిలో అట్లా చెప్పేస్తివేమిరా? మేడ పాయె. పేరు పాయె. నేను ఆ పెట్టను ఇయ్యకుండా ఉంటే ఇంత రాకపోను. నా మూలంగా నీకు తలవంపులు."

ఆమె తిట్టి ఉంటే ఓబన్న భరించేవాడు. చెంప పగలగొట్టినా బాగుండేది. ఆమె తననే నిందించుకోవడం విని, ఈ చీకటి కూడా తన మొహం దాచుకోవడానికి చాలదనిపించింది. "అక్కా, వంటింట్లో నేనన్న మాట..." అని మొదలుపెట్టాడు.

"క్ర్ర్... క్ర్ర్... కొక్."

యువరాజు గొంతులోంచి వచ్చింది ఆ చప్పుడు. "మన్నించండి" అన్నాడు సిగ్గుతో. "ఎందుకో నాకు తెలియకుండానే..."

"సిగ్గుపడొద్దు సామీ. మళ్ళా అరువు" అంది ఎర్రక్క. ఆమె గొంతు మారిపోయింది.

అతను మళ్ళీ అరిచాడు. ఆగి, ఆగి, కిందికి చూస్తూ అరిచినట్టుగా. ఎర్రక్క తమ్ముడి మోచేయి పట్టుకుంది.

"గద్దను చూస్తే పెట్ట ఒకే అరుపు అరిచి నక్కుతుంది. ఇట్లా ఆగి ఆగి అరిచేది ఒక్కదానికే."

ఓబన్నకూ ఆ అరుపు తెలుసు. ఏడాదిగా తెలియనట్టు నటించి నటించి మరిచాడు. ఇప్పుడు గుర్తొచ్చింది. "పాము! యాడుందక్కా?"

"కదలొద్దు. మనం కూచున్నది నేల కాదు." ఆమె వేళ్ళు అతని మోచేతిలో దిగబడ్డాయి. "నువ్వన్న మాట నేను మర్చిపోలేదు ఓబా. మర్చిపోయేది కాదది. పైకి పోయినాక తేల్చుకుందాం. ఇప్పుడు ఊపిరి బిగబట్టు."

ఓబన్న ఊపిరి బిగబట్టాడు. వాళ్ళ కింద, చల్లగా, బరువుగా, ఆ మెత్తని నేల ఒక చుట్టు విప్పుకుంది.